రిక్త గ్యాలరీ పర్వం

కావ్యం మొదలుపెట్టే ముందు దేవతలకు దండం పెట్టడం మన కవుల ఆనవాయితీ. కనుక మొదటి దండం కోడి రామ్మూర్తి నాయుడికి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పి, ఆపైన సర్కసు డేరా ఎత్తి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచి, కలియుగ భీముడనిపించుకున్న బలాఢ్యుడు. ఆయన ఊపిరి పీలిస్తే చూడ్డానికి జనం టిక్కెట్టు కొన్నారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. రెండో దండం కరణం మల్లీశ్వరికి. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి బయల్దేరి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం పట్టుకొచ్చిన తల్లి. తల్లీ, నువ్వెత్తిన కిలోల లెక్కన మా గ్యాలరీకి మనుషుల్ని ఎక్కించమని వరమడగబోయాను. ఒలింపిక్స్‌లో కూడా లేని బరువు అది, అడగడం న్యాయం కాదనిపించి ఊరుకున్నాను.

మూడో దండం విజయనగరం మహారాజకుమారుడికి, లోకమంతా విజ్జీ అని పిలిచిన దొరకి. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లిన నాయకుడు. ఆడిన మూడు టెస్టులూ కలిపి చేసినవి 33 పరుగులు. అయితేనేం, ఆటకు ముందు హంగు కావాలని తెలిసినవాడు. సొంత జట్టు కట్టి, దాన్లో ఆడమని జాక్ హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ సముద్రాలు దాటించి తెచ్చుకున్నవాడు. విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు జోన్ల వారీగా తలపడే క్రికెట్ పోటీకి ఈనాటికీ విజ్జీ ట్రోఫీ అనే పేరు. ఆ లెక్కన, దేశంలో ఎవరూ చూడని ఆటలన్నిటికీ అధిదేవత మావాడే.

కుకవినింద కూడా చెయ్యాలి. అది పత్రికా ప్రకటన రాసే ఫిజికల్ డైరెక్టరు, అదే పి.డి. గారి కోసం చివరికి దాస్తున్నాను.

ఇక కథారంగం. నాగావళికీ చంపావతికీ నడుమ, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన, సరుగుడు తోటలూ జీడితోటలూ కావలి కాస్తుండగా, ఒక ఇంజినీరింగ్ కళాశాల ఉంది. పేరు చెప్పను, మా మేనల్లుడి ఫీజు ఇంకా బాకీ ఉంది. పోరు రణస్థలం దగ్గర జరగడం కవికి అయాచితంగా దొరికిన వరం. అంతర కళాశాలల ఫుట్‌బాల్ సెమీఫైనల్. తూర్పున శ్రీకాకుళం సేన, నీలి చొక్కాలు. పడమట విజయనగరం సేన, ఒకప్పుడు ఎర్రవైన చొక్కాలు.

ఆ మైదానానికి పడమటి వైపున ఏడు మెట్ల సిమెంటు గ్యాలరీ ఒకటి హిమవత్పర్వతం మాదిరి వెలసి ఉంది. దాని నుదుట పాలరాతి ఫలకం. ఫలకం మీద మంత్రిగారి పేరు, దాని కింద దాతల పేర్లు, దాని కింద గుత్తేదారు పేరు. కూర్చున్న వాళ్లకన్నా చెక్కిన పేర్లే ఎక్కువ. దూరం నుంచి చూసినప్పుడు నా కవిహృదయం ఎగిరి గంతేసింది. ఆహా, ఎరుపులు, పసుపులు, చారలు, గళ్లు, ఏడు మెట్లూ నిండి, గాలికి ఉప్పొంగి, చేతులూపి జేజేలు పలుకుతున్న రంగురంగుల జనసముద్రం! దగ్గరికెళ్లి చూద్దును కదా, హాస్టల్ కుర్రాళ్లు ఉతికి ఆరేసుకున్న బట్టలు. చొక్కాలన్నీ వచ్చాయి, మనుషులు రాలేదు.

సేనాగణన చెయ్యకుండా యుద్ధం మొదలుపెట్టడం వ్యాసుడి సంప్రదాయం కాదు. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఆ రోజు మా గ్యాలరీ అక్షౌహిణి ఇది: రథం ఒకటి, మూరీ మిక్చర్ బండి. గజస్థానంలో గేదె, అదీ కార్నర్ జెండా దగ్గర గడ్డి బాగుందని వచ్చినది. అశ్వస్థానంలో మేకలు. కాల్బలం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత.

ఆ కాల్బలంలో ప్రతి వీరుణ్ణీ పేరుపేరునా కీర్తించాల్సిందే గాని, పేర్లు అడిగితే పారిపోతారని భయపడ్డాను. గోల్‌కీపర్ మేనమామ వచ్చాడు, అల్లుణ్ణి బండి మీద ఇంటికి తీసుకెళ్లడానికి. ఫీజు కట్టలేదని క్లాసు బయట నిలబెట్టిన కుర్రాళ్లిద్దరు వచ్చారు. పై మెట్టు చివర ఒక జంట ఉంది, వాళ్లు మైదానం వైపు ఒక్కసారి కూడా చూడలేదు గనక లెక్కలోకి రారు. ఇరు సేనల చెప్పులకూ ఫోన్లకూ కాపలాగా ఒక బక్కపలచని కుర్రాడు కూర్చున్నాడు. నందిగ్రామంలో భరతుడి తర్వాత పాదుకల్ని అంత శ్రద్ధగా కాచినవాణ్ణి నేను చూడలేదు. తేగల కట్టలు ముందు పెట్టుకుని ఒక అవ్వ. వీరందరికీ ఎగువన, నాలుగో మెట్టు మీద, తువ్వాలు మడిచి పరుచుకుని, ఈ కావ్యానికి నాయకుడు: ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన పెద్దాయన. ఆట చూడ్డానికే వచ్చిన ఏకైక మానవుడు.

ఇక్కడ ద్వీపాంతర ప్రసక్తి కొంచెం అవసరం. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అని ఒకటుంది. బంతిని చేత్తో విసురుతూ ఫుట్‌బాల్ అంటారు, అది వాళ్ల ఇష్టం. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 మందికి చోటుంది. అంటే అక్షౌహిణి కాల్బలానికి 1,749 మంది తక్కువ. ఆ దేశంలో కూడా గ్యాలరీలు పలచబడుతున్నాయని పెద్ద శోకం పుట్టింది. 2018లో పెద్ద కాలేజీల ఆటలకు సగటున 41,856 మందే వచ్చారట, అప్పటికి 1996 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదట. ఆ అంకె విని అవ్వకి చెప్పాను. ఆమె తేగ ఒలుస్తూ, "అన్నేసి మందొస్తే ఏడుపేటి నాయినా, ఆల్లకి తేగలెవులు అమ్ముతారు?" అంది. మా వైపు నుంచి ఎం.ఎస్.కి వెళ్లిన కుర్రాళ్లు శనివారం పొద్దున్నే లేచి, యూనివర్సిటీ రంగు చొక్కా తొడిగి, ఆ జనంలో ఫొటోలు దిగి ఇంటికి పంపుతారు. ఇక్కడ నాలుగేళ్లు చదివి ఈ ఏడు మెట్లలో ఒక్కటీ ఎక్కని కాళ్లవి.

ఆయుధవర్ణన క్లుప్తంగా. కందుకరాజం బరువు నిబంధనల ప్రకారం 410 నుంచి 450 గ్రాములు, మన బంతి నిబంధనలు పుట్టక ముందుది. దానికి సైకిల్ పంపుతో ప్రాణప్రతిష్ఠ చేశారు. సున్నంతో గీసిన సరిహద్దు రేఖలు, మేకల రాకపోకల వల్ల, కొన్ని చోట్ల లక్ష్మణరేఖ, కొన్ని చోట్ల వదంతి. లైన్ రిఫరీ చేతిలో జెండా లేదు, జేబురుమాలు. మధ్యాహ్నం మూడు గంటలకు రిఫరీ పాంచజన్యం పూరించాడు. ఆ ధ్వనికి దిక్కులు పిక్కటిల్లలేదు గాని మేక ఒకటి తలెత్తింది.

అంతట సంకులసమరం. నీలిసేన దండయాత్ర, ఎర్రసేన ప్రతిఘటన, దుమ్ము లేచి సూర్యబింబాన్ని మూసింది. (మూసింది నిజమే, ఆ పక్కనే మట్టి లారీ వెళ్లింది.) ఈ కోలాహలం మధ్య నాలుగో మెట్టు నుంచి ఒక కంఠం మేఘంలా గర్జించింది. "ముందుకెల్లండి! ముందుకెల్లండి! ఎనకాల ఎంత కాలీ ఉందో సూడండి!" ఉద్యోగమంతా పల్లెవెలుగులో నిలబడి అరిచిన అరుపే అది, ఇప్పుడు ఫార్వర్డులకు పనికొచ్చింది. బంతి అవుటయితే "ఓల్డాన్!" అన్నాడు. త్రో వెయ్యగానే "రైట్... రైట్!" అన్నాడు. నీలిసేన రైట్ వింగరు అది తనకే అనుకుని ప్రాణం పెట్టి పరిగెత్తాడు. డిఫెండరు ఒకడు బంతి వదిలి మనిషిని తంతే, పెద్దాయన లేచి నిలబడిపోయాడు. "ఓరి గుంటడా! బంతొగ్గీసి మనిసినేటిరా తన్నడం? టిక్కెట్టు లేకుండా దించీగల్ను!" ఆ గుంటడు సిగ్గుపడి, కింద పడ్డవాణ్ణి చెయ్యిచ్చి లేపాడు. రిఫరీ చూపించిన పసుపు కార్డు వాణ్ణి ఏమీ చెయ్యలేదు. ఒక్క మనిషి చూశాడన్న సంగతి చేసింది.

ఎందుకు ఖాళీ అయింది గ్యాలరీ? పెద్దలు ఫోన్ల మీద నెపం వేస్తారు. నేనొప్పుకోను. ఇదే జనం దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను చూడ్డానికి మూడులాంతర్ల నుంచి కోట దాకా మేడలెక్కి, గోడలెక్కి, పొద్దు వాలేదాకా నిలబడతారు. ఇదే జనం 2005 ఏప్రిల్ 5న విశాఖలో ధోని పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజున స్టేడియంలో మేమూ ఉన్నామని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలా చెప్పుకునే వాళ్లందరికీ నిజంగా చోటివ్వాలంటే మిషిగన్ స్టేడియం చాలదు. 2022 డిసెంబర్ 18 రాత్రి ప్రపంచ కప్ ఫైనల్లో అర్జెంటీనా, ఫ్రాన్స్ మూడేసి గోల్స్‌తో సమానమై పెనాల్టీల దాకా వెళ్తే, హాస్టల్ గదుల్లో ఒక్కడూ పడుకోలేదు. మెస్సీ ఏ కాలితో కొడతాడో తెలిసిన కుర్రాడికి తన గది పక్క గదిలో ఉండే గోల్‌కీపర్ ఏ బ్రాంచో తెలియదు. చూసే కన్ను పోలేదు. చూసే వేళ పోయింది.

ఆ వేళను ఎత్తుకెళ్లిన రాక్షసుడు నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ప్రవేశించాడు.

వర్ణిస్తున్నాను, వినండి. పసుపు దేహం, నల్ల చక్రాలు, నుదుట ఊరి పేరు. ఒకటి కాదు, వరసగా. చీపురుపల్లి రథం, రాజాం రథం, గరివిడి రథం, నెల్లిమర్ల రథం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి పోయే మహారథం. ఆ రథాలన్నీ ప్రధాన ద్వారం దగ్గర నిలిచి ఏకకాలంలో హారన్లు పూరించగానే నాలుగంతస్తుల కళాశాల భవనం ప్రళయకాలంలో సముద్రంలా పొంగింది. రెండు వేలమంది పైగా విద్యార్థులు, సంచులు భుజాన వేసుకుని, మైదానం అంచు వెంబడే, గోల్ పోస్టుకు పది గజాల దూరం నుంచే, ప్రవాహంలా సాగిపోయారు. గ్యాలరీ నిండటానికి ఆ ప్రవాహంలో ఒక పాయ చాలు. ఒక్క పాయా ఇటు తిరగలేదు. తిరిగినవాడికి ఇల్లు లేదు: కాలేజీ బస్సు పోతే రోడ్డు మీద నిలబడాలి, పైడిభీమవరం మందుల కంపెనీల బస్సులు ఎవరినీ ఎక్కించుకోవు, పల్లెవెలుగు ఎప్పుడొస్తుందో కండక్టరుకే తెలియదు. అమ్మ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసి ఉంటుంది.

పాతకాలపు కాలేజీ ఊరి మధ్యన ఉండేది. 1879లో కాలేజీ అయిన విజయనగరం మహారాజా కళాశాలనే చూడండి, కోట పక్కనే. కుర్రాళ్లు ఊళ్లో గది తీసుకునేవారు, లేకపోతే సైకిలు. నాలుగింటికి గంట కొడితే సాయంత్రం వాళ్లది, ఎక్కడికి పోవాలో తోచక గ్రౌండుకు పోయేవారు. ఆ తోచకపోవడమే గ్యాలరీలను నింపింది, ఆట మీద ప్రేమ తర్వాత పుట్టింది. ఇప్పుడు కాలేజీలు హైవే మీదికి వెళ్లాయి. గ్రౌండు పదెకరాలు వచ్చింది, సాయంత్రం పోయింది. పొద్దున బయోమెట్రిక్‌తో మొదలై హారన్‌తో ముగిసే రోజులో తోచకపోవడానికి సందు లేదు.

ద్రోణుణ్ణి కూల్చింది బాణం కాదు, శంఖనాదంలో మునిగిపోయిన ఒక మాట. మా ఎర్రసేన గోల్‌కీపర్ విషయంలో శంఖం ఒక్కటే సరిపోయింది. రాజాం రథం రెండోసారి హారన్ కొట్టింది. ఆ రథంలో ఎవరున్నారో కవికి తెలియదు, మేనమామకి తెలియకూడదు. గోల్‌కీపర్ తల తిప్పాడు. ఆ అరక్షణంలో నీలిసేన వీరుడు తన్నిన బంతి, గాలి సరిపోక మధ్యలో వంకర తిరిగి, అతని మోచేతి కిందుగా వలలోకి... వల లేదు, కనుక పోస్టుల మధ్య నుంచి జీడితోటలోకి వెళ్లిపోయింది. రెండు వేలమంది ఆ పక్క నుంచే నడుస్తున్నారు. గోల్ పడ్డ సంగతి గ్రహించింది నాలుగో మెట్టు.

"గోల్!" అని పెద్దాయన కేక పెట్టాడు. తువ్వాలు గాల్లో తిప్పాడు. మైదానంలో కొట్టినవాడు ఆ ఒక్క తువ్వాలు వైపే చేతులు చాచి పరిగెత్తుకొచ్చాడు, వచ్చి గ్యాలరీ కింద మోకాళ్ల మీద జారాడు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి, అది సిమెంటు.

ఆట ముగిశాక పి.డి. గారు పత్రికా ప్రకటన తీశారు. వాగ్దానం చేసిన కుకవినింద ఇక్కడ చెయ్యాలి గాని, ఆయన్ను తిట్టబుద్ధి కాలేదు. స్పోర్ట్స్ గదికి తాళం ఆయనే, సున్నం గీసింది ఆయనే, గ్లూకోజు నీళ్లు కలిపింది ఆయనే. ప్రకటన పొద్దున్నే రాసి ఉంచారు: "ప్రేక్షకుల కేరింతల నడుమ ఉత్కంఠభరితంగా సాగిన పోరు." స్కోరు చోట మాత్రం ఖాళీ. దాన్లో 1-0 నింపి, ఫొటో కోసం గ్యాలరీ మీద బట్టలు తీయించి, రెండు జట్లనూ వరసగా మెట్ల మీద కూర్చోబెట్టారు. ఆడినవాళ్లే చూసినవాళ్లయ్యారు. ఫ్రేములో నాలుగో మెట్టు మీద పెద్దాయన అడ్డొచ్చాడు.

"పెద్దాయనా, మీరు కాస్త పక్కకి రండి. కాలేజీ ఫొటో ఇది."

"నానొక్కన్నే కద బావూ ఆట సూసినోన్ని? నన్నే లెగమంటన్నారేటి!"

"ఏం చెయ్యను చెప్పండి, పైవాళ్లకి పంపాలి."

ఆయన నవ్వి, తువ్వాలు దులిపి, దిగి వచ్చి అవ్వ దగ్గర తేగ కొనుక్కున్నాడు. నములుతూ అడిగాడు, "రేపు పైనలు ఎన్నింటికి బావూ?"

"మధ్యాహ్నం రెండింటికే పెట్టేశాం. నాలుగూ ఇరవైకి బస్సులున్నాయి కదా."

"మరి రెండింటికి గుంటలకి క్లాసులుంటాయి కదేటి?"

"ఉంటాయి," అన్నారు పి.డి. గారు. "హాజరు కూడా వేస్తారు."

ఫలశ్రుతి. ఈ పర్వాన్ని చదివినవారికీ విన్నవారికీ పుణ్యం ఏపాటి వస్తుందో హామీ ఇవ్వలేను. ఫైనల్‌కు ప్రవేశం ఉచితం. రెండింటికి ఎండ నడినెత్తిన ఉంటుంది గనక గొడుగు తెచ్చుకోండి. తేగలు మాత్రం డబ్బులిచ్చి కొనుక్కోవాలి, అవ్వ దగ్గర ఫోన్‌పే లేదు.