గిట్ అన్న

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో, సాఫ్ట్‌వేర్ ఆఫీసన్నాక ప్రతి అంతస్తులోనూ, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఆరితేరిన ఒక గిట్ అన్న ఉంటాడు. అసలు పేరు హెచ్‌ఆర్ వాళ్లకు తెలిస్తే తెలియాలి. హోదా మామూలు సీనియర్ ఇంజనీరే, జీతమూ చెప్పుకోదగ్గదేం కాదు. కానీ శుక్రవారం సాయంత్రం రిలీజ్ ముందు కోడ్ తిరగబడిందంటే మేనేజరు కూడా ఆయన కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఆయన దగ్గరికి ఊరికే ఎవరూ రారు. వచ్చినవాడి మొహంలో నెత్తురుచుక్క ఉండదు.

"అన్నా, మూడు రోజుల కోడ్ పోయింది!"

"ఏం కొట్టావ్?"

"ఏం కొట్టలేదన్నా. దానంతటదే పోయింది."

గిట్ అన్న వాదించడు. టెర్మినల్‌లో పై బాణం మీట నొక్కుతాడు. రీసెట్ హార్డ్ కనబడుతుంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మొదటి దెబ్బకు పోయినవి రెండో దెబ్బకు తిరిగొస్తాయేమోనని కుర్రాడి ఆశ.

"కమిట్ చేశావా?"

చేశానంటే సగం ప్రాణం లేచొచ్చినట్టే. అన్న కుర్చీ లాక్కుని గిట్ రీఫ్లాగ్ అని కొడతాడు. కుర్రాడు ఏ కమిట్ మీద నిలబడ్డాడో, అక్కణ్ణుంచి ఎక్కడికి గెంతాడో వరసగా దిగిపోతుంది. అందులో మంచి రోజుల నాటి కమిట్ నంబరు పట్టుకుని దాని మీద కొత్త బ్రాంచి వేస్తాడు. పోయిన ఫైళ్లన్నీ వచ్చి కూర్చుంటాయి. నిమిషం పట్టదు. ఏం కొట్టాడో చూద్దామని కుర్రాడు ముందుకు వంగేలోపు స్క్రీన్ క్లియర్ చేసేసి, "టీకి పోదామా?" అంటాడు. టీ డబ్బులు ఎవరివో చెప్పనక్కర్లేదు.

పూర్వం ఊళ్లలో తేలుమంత్రం వేసేవాడి కీర్తి ఇలాంటిదే. మామూలు తేలైతే నొప్పి తెల్లారేసరికి ఎలాగూ తగ్గేది, పేరు మాత్రం మంత్రానికి వచ్చేది. గిట్ కూడా కమిట్ చేసిన సరుకును అంత తొందరగా పారెయ్యదు. ఏ బ్రాంచికీ చెందకుండా అనాథగా మిగిలిన కమిట్‌నైనా మన కంప్యూటర్‌లోని రీఫ్లాగ్ మామూలుగా 30 రోజులు గుర్తుపెట్టుకుంటుంది. ఈ సంగతి ఫ్లోర్ మొత్తానికీ తెలిసిన రోజున అన్న తన టీ తానే కొనుక్కోవాలి.

కమిట్ చెయ్యలేదంటే మాత్రం అన్న గొంతు తగ్గుతుంది. "పోనీ, యాడ్ అయినా చేశావా?" చేసుంటే గిట్ ఎఫ్‌ఎస్‌సీకేతో పేరూ ఊరూ లేని ముక్కల్ని పైకి తీస్తాడు. ఏది ఏ ఫైలుదో కుర్రాడే తెల్లవార్లూ తేల్చుకోవాలి. యాడ్ కూడా చెయ్యలేదంటే భుజం మీద చెయ్యి వేసి, "ఎడిటర్ మూసెయ్యలేదు కదా? కంట్రోల్ జెడ్ నొక్కుతూ ఉండు" అంటాడు. అక్కడితో శాస్త్రం సమాప్తం.

మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన రోజు ఆయన సీటు రచ్చబండ అవుతుంది. ఫైల్లో ఏడు లెస్‌దేన్ గుర్తులు, ఏడు ఈక్వల్స్, ఏడు గ్రేటర్‌దేన్ గుర్తులు కనబడగానే మిగతావాళ్లు కళ్లు మూసుకుని తమ వైపుది ఉంచి అవతలివాడిది తీసేస్తారు. అన్న గిట్ బ్లేమ్ కొట్టి ఇద్దరినీ పిలిపిస్తాడు. పక్కపక్క సీట్లలో కూర్చుని ఏడాదిగా మాట్లాడుకోని ఆ ఇద్దరూ ఒకే ఫంక్షన్‌కి చెరో పేరు పెట్టారని అక్కడ తేలుతుంది.

క్యాంటీన్‌లో కూర్చుంటే ఆయనకు పురాణం వస్తుంది. 2005లో లినక్స్ కెర్నెల్ వాళ్లకు, అప్పటిదాకా కోడ్ చరిత్ర దాచుకుంటున్న బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోవడం, ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలెట్టి వారం తిరక్కుండానే గిట్ సోర్స్‌ని గిట్‌లోనే పెట్టుకోవడం, అన్నీ పక్కనే ఉండి కీబోర్డు అందించినట్టు చెబుతాడు. అప్పటికి ఈయన ఎనిమిదో తరగతి.

కొత్తవి మాత్రం గిట్టవు. చెకౌట్ అనే ఒక్క కమాండే బ్రాంచి మారుస్తుంది, పక్కన ఫైలు పేరు పెడితే అందులోని మార్పుల్ని అడక్కుండా తుడిచేస్తుంది కూడా. ఈ తికమక తగ్గించడానికి 2019లో స్విచ్, రీస్టోర్ అని రెండు వేరు కమాండ్లు వచ్చాయి. అన్న వాటిని వాడడు, పిల్లలకు చెప్పడు. మరి ఆయన గిరాకీలో సగం చెకౌట్ పుణ్యమే.

ఆయనకు కోపం తెప్పించేది ఒక్కటే, అందరూ వాడే బ్రాంచి మీద ఫోర్స్ పుష్. పక్కవాళ్ల కమిట్లు సర్వర్ మీద చరిత్రలోంచి మాయమైన రోజు ఆయన అన్నం మానేస్తాడు. "కనీసం ఫోర్స్ విత్ లీజ్ అయినా కొట్టాల్సింది, మధ్యలో ఎవరైనా పుష్ చేసుంటే ఆపేది కదరా" అని వారం రోజులు గొణుగుతాడు.

ఇంత జాగ్రత్తపరుడూ మరిచేది ఒకటుంది. మంత్రం వేసేది ఎదుటివాళ్ల లాప్‌టాప్‌లో. స్క్రీన్ క్లియర్ చేసినంత మాత్రాన హిస్టరీ చెరగదు. ఎప్పుడో ఒకప్పుడు ఏ ఫ్రెషర్ అమ్మాయో ఆయన అటు వెళ్లగానే పై బాణం మీట నొక్కుతుంది, నోట్స్ రాసుకుంటుంది. ఆయన తిరుమల క్యూలో ఉన్న రోజు మెయిన్ బ్రాంచి విరిగితే ఫోన్ చెయ్యకుండా తానే సరిచేసేస్తుంది.

ఫోన్ రాకపోవడమే ఆయనకు అనుమానం. దర్శనమయ్యాక బయటపడి తానే చేస్తాడు.

"ఏమ్మా, ఫోర్స్ పుష్ కొట్టలేదు కదా?"

"లేదన్నా, రివర్ట్ చేశాను. హిస్టరీ అలాగే ఉంది."

"టెస్టులు?"

"అన్నీ పాసయ్యాయి."

కాసేపు అటునుంచి లడ్డూ కౌంటర్ గోలే వినబడుతుంది.

"కమిట్ మెసేజ్ ఇంగ్లీషులో తప్పుల్లేవు కదా? ఎందుకైనా మంచిది, సోమవారం నేనొచ్చి చూస్తాలే."