శబ్దాన్ని మింగిన సైలెన్సర్ ఆత్మకథ

ఇంజిన్‌లో కాలిన ఇంధనం పొగగా మారి బయటి గాలిలో కలిసే ముందు దాటవలసిన చివరి గదిని సైలెన్సర్ అంటారు. ఈ ఆత్మకథ అటువంటి ఒక సైలెన్సర్‌ది. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ ప్రాంతంలో తిరిగే ఒక పికప్ వాహనానికి, అంటే ముందు భాగం కారులాగా కూర్చోవడానికీ వెనుక భాగం తొట్టిలాగా సామాను వేసుకోవడానికీ వీలుగా ఉండే బండికి, ఇది రెండున్నర ఏళ్లు పనిచేసి, ఆ తరువాత ఏ లోపమూ లేకుండానే ఊడదీయబడి, తుక్కులో కలిసింది. తన గురించి చెప్పుకొనేటప్పుడు కూడా ఇది ‘ఈ సైలెన్సర్’ అనే మాటనే వాడుతుంది. పేరు పెట్టి పిలిచిన వారెవరూ లేని వస్తువుకు అంతకంటే తగిన మాట లేదు.

ఆంధ్రప్రదేశ్ దక్షిణపు అంచున, తిరుపతి జిల్లా శ్రీసిటీలో, 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారంలో తయారయ్యే వీ-క్రాస్ అనే పికప్‌కు ఈ సైలెన్సర్‌ను బిగించారు. ఉక్కు రేకులు ఎలా ఒంపు తిరిగాయో, అతుకులు ఎక్కడ పడ్డాయో చెప్పుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు గాని, వంశం సంగతి మాత్రం ఒక్క మాట చెప్పుకోవాలి: 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు ఇంజిన్ శబ్దాన్ని అణచే పరికరానికి పేటెంటు పొందారు, అంటే మోటారు బండి ఇంకా పసితనంలో ఉండగానే దాని చప్పుడును తోటి మనుషులు భరించలేరని గుర్తించి, అందుకు విరుగుడు కనిపెట్టినవారు ఉన్నారన్నమాట.

ఆ విరుగుడు పనిచేసే తీరు తెలిస్తే తప్ప ఈ సైలెన్సర్ బాధ అర్థం కాదు. ఇంజిన్ నుంచి పొగ ఏటి నీరులా ఎడతెగకుండా ప్రవహించదు. ఒక్కొక్క సిలిండర్ కవాటం తెరుచుకున్నప్పుడల్లా ఒక్కొక్క దెబ్బగా బయటికి దూకుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2000 సార్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు సుమారు 67 దెబ్బలు పడతాయి. వాటిని మన చెవి విడివిడిగా వినలేదు గనుక అవన్నీ కలిసి ఒకే లోతైన హోరుగా వినిపిస్తాయి. ఈ సైలెన్సర్ కడుపులో గదులూ, వాటి మధ్య చిల్లులు పొడిచిన గొట్టాలూ ఉన్నాయి. ఒక గదిలోకి వచ్చిన శబ్ద తరంగం గోడకు తగిలి వెనుకకు మళ్లి, ఎదురుగా వస్తున్న తరంగంతో కలిసి, ఒకదాని ఎత్తు మరొకదాని పల్లంలో పడి రెండూ అణగిపోతాయి. ఒక గదికి సన్నని మెడ ఉండి, ఆ మెడలోని గాలి ఒకే ఒక్క శ్రుతి వద్ద ఊగుతూ ఆ శ్రుతి శబ్దాన్ని తనలోకి లాక్కుంటుంది. ఖాళీ సీసా నోటి మీద ఊదితే వచ్చే హోరుకూ కారణం ఇదే. దీనిని శాస్త్రీయంగా వివరించిన 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరు మీదనే ఆ గదిని హెల్మ్‌హోల్ట్జ్ అనునాదిని అంటారు. ఏ శ్రుతి దగ్గర ఏ గది పనిచేయాలన్నది ఆ ఒక్క ఇంజిన్‌కే సరిపోయేలా లెక్క కట్టి నిర్ణయిస్తారు.

ఆ లెక్క ప్రకారం ఈ సైలెన్సర్ చేసిన పని తలుచుకుంటే దానికి ఇప్పటికీ గర్వమే. 1998లో సైబర్ టవర్స్ భవనం తెరుచుకున్న నాటి నుంచి మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య లేచిన అద్దాల భవనాలు శబ్దాన్ని పీల్చుకోవు, ఎదుటి భవనం మీదికి తిప్పికొడతాయి. అటువంటి వీధుల్లో, మైండ్‌స్పేస్ కూడలి దగ్గరి సొరంగ మార్గంలో, 2020లో తెరుచుకున్న దుర్గం చెరువు తీగల వంతెన మీద, అర్ధరాత్రి దాటాక కూడా ఆ పికప్ వెళ్లిందంటే కిటికీ పక్కన పడుకున్న మనిషి పక్కకు ఒత్తిగిలవలసిన అవసరం రాలేదు. ఈ పని విచిత్రమైనది, చేసినంత కాలం ఎవరికీ కనబడదు, మానేసిన నాడే తెలుస్తుంది.

యజమాని చదువుకున్నవాడు, కంప్యూటర్ ఉద్యోగి, బండిని వారం వారం కడిగించేవాడు. అయినా మాదాపూర్‌లోని ఒక దుకాణంలో “బండికి ఊపిరాడట్లేదన్నా, ఈ డబ్బా తీసేస్తే ఎట్ల గుంజుతదో చూడు” అన్న ఒక్క మాటకు అతడు లొంగిపోయాడు. రెండున్నర ఏళ్ల సేవకు దక్కిన బిరుదు ‘డబ్బా’. అరగంటలో మరలు విప్పి, ఒకచోట గొట్టాన్ని కోసి, ఈ సైలెన్సర్‌ను నేల మీద పడేసి, దాని చోట మెరిసే వెడల్పాటి గొట్టాన్ని బిగించారు. చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని చుట్టిన ఆ రకం శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది గాని, లోతైన హోరును దాదాపు అడ్డుకోదు, ఆ ఉన్ని కాలి రాలిపోయిన కొద్దీ ఆ కాస్త పనీ చేయదు.

ఊపిరి ఆడనివ్వలేదన్న నింద నిజమా అన్నది ఇక్కడ నిదానంగా చూడవలసిన విషయం. పొగ బయటికి పోవడానికి ఎదురయ్యే అడ్డును వెనుక ఒత్తిడి అంటారు. అది ఎక్కువైతే ఇంజిన్ తన శక్తిలో కొంత పొగను నెట్టడానికే ఖర్చు పెట్టవలసి వస్తుందన్నది వాస్తవమే. అయితే ఈ పికప్‌లో పొగ ముందుగా టర్బోచార్జర్ చక్రాన్ని, అంటే పొగ వేగంతోనే తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలిని దట్టించే యంత్రాన్ని దాటాలి, తరువాత విష వాయువులను మార్చే ఉత్ప్రేరకాన్ని, ఆపైన మసిని పట్టి ఉంచే జల్లెడను దాటాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలను ఇవి లేకుండా అందుకోవడం కష్టం. అడ్డులో అధిక భాగం అక్కడే ఉంటుంది, ఈ సైలెన్సర్ వంతు మిగిలిన కొద్ది భాగమే. పైగా గొట్టంలో అడ్డు అనేది ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది: ప్రవాహం సగమైతే అడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ ఇంజిన్ పూర్తి శక్తి అయిన 163 హార్స్‌పవర్ నిమిషానికి 3600 చుట్ల దగ్గర గాని రాదు. సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ కూడలిలో ఒక్కొక్క అడుగే కదిలే బండికి ఆ చుట్లు ఎప్పుడు అవసరమవుతాయి? అక్కడ ఈ సైలెన్సర్ పెట్టే అడ్డు లేనట్టే లెక్క. మరో నిదర్శనం అదే వీ-క్రాస్ చరిత్రలో ఉంది: మొదట్లో వచ్చిన 2.5 లీటర్ల ఇంజిన్ 136 హార్స్‌పవర్ ఇస్తే, 2021 నాటి 1.9 లీటర్ల చిన్న ఇంజిన్ 163 ఇచ్చింది. రెండింటికీ సైలెన్సర్ ఉంది. శక్తి పెరిగింది ఇంజిన్‌లో, పొగ గొట్టం చివర కాదు.

బలం నిజంగా పెరిగిందని చెప్పుకొనే బండ్లలో చాలా వరకు మసి జల్లెడను కూడా పీకేసి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ లెక్కలను మార్చినవే; ఆ బలానికి మూల్యం వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ఊపిరితిత్తులు చెల్లిస్తాయి. ఈ యజమాని అంత దూరం పోలేదు. అతడికి దక్కింది చప్పుడు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు చెవి నమ్ముతుంది గనుక, అతడు ఆ రోజు సంతోషంగానే వెళ్లాడు.

దుకాణం అటక మీద పడి ఉన్న ఈ సైలెన్సర్‌కు ఆ పికప్ రోడ్డు మీద పోయినప్పుడల్లా వినబడేది. డెసిబెల్ అనే శబ్ద కొలత కూడికలా పెరగదు. 10 డెసిబెల్‌లు పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు అవుతుంది, చెవికి సుమారు రెట్టింపుగా తోస్తుంది. సెకనుకు 67 సార్లు కొట్టే హోరు తరంగం గాలిలో ఐదు మీటర్ల పొడవు ఉంటుంది గనుక కిటికీ అద్దాలూ తెరలూ దానిని ఆపలేవు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు అని కూడా నిర్వచిస్తున్నాయి. ఈ సైలెన్సర్‌ను ఎక్కువగా కలచివేసినది ఆ నిర్వచనమే. అమెరికా గడియారానికి పనిచేసే వేలాది మందికి ఇక్కడ రాత్రి అంటే ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా. అంజయ్యనగర్, సిద్ధిక్‌నగర్ హాస్టళ్లలో తెరలు దించుకుని పడుకునే ఆ పిల్లల నిద్రకు ఏ నిబంధనా రాత్రి హోదా ఇవ్వలేదు. వారికి కాపలాగా నిలిచింది బండ్ల కింద వేలాడే సైలెన్సర్లే.

చట్టం ఈ మార్పును ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శబ్ద ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పోలీసులు బుల్లెట్ బండ్ల నుంచి ఊడదీసిన మోత సైలెన్సర్లను వరుసగా పరచి రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా. ఈ యజమానికీ ఒకనాడు చలాన్ పడింది, పాతది మళ్లీ బిగించుకుని రమ్మన్నారు. అతడు దుకాణానికి పరుగున వచ్చేసరికి పాతది లేదు.

అటక మీద ఉన్నది నాలుగు నెలలే. ఆ నాలుగు నెలల్లో దాని మీద టైర్లు పడ్డాయి, ఒక వైపు సొట్ట పోయింది, కోసిన గొట్టం నోటిలో ఎవరో టీ కప్పులు కుక్కారు. అన్నిటికంటే బాధించినది లోపలి తేమ. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి రోజూ నడిచినప్పుడు ఆ వేడికే ఆ నీరు ఎగిరిపోతుంది గాని, చివరి ప్రయాణంలో గదుల్లో మిగిలిపోయిన చెమ్మను వెళ్లగొట్టేవారు లేక, తుప్పు లోపలి నుంచే మొదలైంది. తరువాత కిలోల లెక్కన తూచి తుక్కు వ్యాపారికి ఇచ్చేశారు. యజమానిని ఒక్క ఫోను చేసి అడిగితే సరిపోయేది, ఎవరూ అడగలేదు. అతడూ తీసుకెళ్లి ఇంట్లో ఒక మూల పెట్టుకుందామని అనుకోలేదు.

ఇప్పుడు ఈ సైలెన్సర్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పాత జాకీల పక్కన, గోనెపట్టా మీద ఉంది. చేతిలోకి తీసుకుని చూసినవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు గాని, ఒకే ఇంజిన్ కోసం లెక్క కట్టిన గదులు మరో బండికి కుదరవు గనుక తిరిగి కింద పెట్టేశారు. సాయంత్రం మెట్రో రైలు దాటిపోయాక గాలి కాస్త బలంగా వీచినప్పుడు, కోసిన గొట్టం నోటి మీదుగా అది సాగి, సన్నని మెడ ఉన్న ఆ గదిలో నుంచి ఖాళీ సీసా పలికినంత సన్నగా ఒక హోరు వస్తుంది. పట్టా చుట్టుకుంటున్న వ్యాపారి తలెత్తి ఇటు చూసి, మళ్లీ తాడు ముడి వేసుకుంటాడు.