కాటన్ త్రయానికి టీక

మూలం: “కాటన్ బొమ్మ కాడ ఆపండి, కాటన్ పెట్టె దింపుకోవాలి, లోపలన్నీ కాటన్ చీరలే, ఆయ్!”

అవతారిక: ధవళేశ్వరం బస్సులో సీటు దొరకని ఒక చీరల వ్యాపారి ఇల్లాలు డ్రైవరు నుద్దేశించి పలికిన వాక్యమిది. రసం: తొందర.

ప్రతిపదార్థం: కాటన్ బొమ్మ = ఆర్థర్ కాటన్ దొర విగ్రహం; కాడ = దగ్గర. డెల్టాలో ఊరూరా కాటన్ బొమ్మ ఉండగా ఇది ఏది అని శంక. దిగవలసిన స్టాపులోనిదే అని సమాధానం. ‘సర్’ అనలేదేమంటే, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా ఆనకట్ట కట్టించేనాటికి ఆయన ఇంకా సర్ కాడు. ఆ బిరుదు 1861లో వచ్చింది. జనం అంతదాకా ఆగలేదు, దొర అనేశారు.

కాటన్ అంటే పత్తి గదా, మరి ఆయన కాలువల కింద వరి పండిందేమని మరో శంక. పత్తికి చెప్పే కాటన్ అరబ్బీ నుంచి వచ్చింది. ఈ ఇంటిపేరు పాత ఇంగ్లీషులో పాకలకు చెప్పే మాట. మన లెక్కన పాకలవారు. ఇంటిపేరు అక్షరాలా ఇంటి పేరే అయిన చోటిది. మా వ్యాకరణం మాస్టారు వింటే మురిసిపోయేవారు.

కాటన్ పెట్టె = అట్టపెట్టె. ‘కార్టన్’లో రేఫ లోపించింది. సరుకు మోసేవాడికి రేఫ అదనపు బరువు.

కాటన్ చీరలు = నూలు చీరలు. అర్థం స్పష్టం, ధర వివాదాస్పదం.

అలంకారం: యమకం. ఒకే మాట మూడుసార్లు, మూడు అర్థాల్లో. మొదటిది పాక, రెండోది అట్ట, మూడోది పత్తి.

పాఠాంతరం: ‘హేవలాక్ బ్రిడ్జి కాడ’ అని కొందరు. అగ్రాహ్యం. హేవలాక్ కూడా ఆర్థరే, పైగా మద్రాసు గవర్నరు. 1900లో పూర్తయిన రైలు వంతెనకు తన పేరు దక్కింది. 1997లో రైళ్లు ఆగిపోయేదాకా జనం దాని మీదుగా నది దాటారు, అయినా రాజమండ్రిలో అడిగి చూడండి, ‘పాత బ్రిడ్జా?’ అంటారు. హేవలాక్ బొమ్మ కాడ ఆపమన్నవారిని ఈ టీకాకారుడు ఎరగడు.

తాత్పర్యం: బస్సు ఆగవలెను, పెట్టె దిగవలెను, చీరలు తడవరాదు.

ఆయ్ = అవ్యయం. దీనికి అర్థమడిగినవాడు గోదావరి జిల్లాలవాడు కాడని తెలిసికొనునది.