సెక్షన్ నంబరు

పాత అల్వాల్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. భర్త తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో రాత్రి డ్యూటీకి వెళ్ళాడు. తెల్లారి స్కూలుకు తయారవుతున్న పాప బాత్రూంలోంచి కేక పెట్టింది.

"మమ్మీ, నల్లా ముట్టుకుంటే జివ్వుమంది!"

తల్లి ముందు మెయిన్ ఆపింది. పాపను బయటికి తెచ్చి, ఇంటి ఓనరుకు ఫోన్ చేసింది.

"గీజర్ పాతదైందమ్మా. చెప్పులేసుకొని స్నానం చెయ్యండి, ఏం కాదు. తీరిక చూసుకొని వస్త" అన్నాడాయన.

వారం గడిచినా రాలేదు. ఆమె వాట్సాప్‌లో ఫొటోలు పెట్టింది, సంగతంతా రాసింది. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు. చివరికి తనే ఎలక్ట్రీషియన్ని పిలిచింది.

అతను గీజర్ విప్పి చూపించాడు. ఉప్పు బోరు నీళ్ళకు ఎలిమెంట్ తుప్పుపట్టి పగిలింది. సాకెట్ వెనక ఎర్త్ వైరే కలపలేదు. "ఎంసీబీ ఉంది కదా" అని ఆమె అడిగితే, "అది లోడ్ ఎక్కువైతేనో, షార్టయితేనో పడిపోతదక్కా. మనిషికి షాక్ కొడితే ఆపాల్సింది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కరెంటు తీసేస్తది" అన్నాడు. ఎలిమెంట్, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ, కూలీ కలిపి 3,400 రూపాయలైంది.

బిల్లు పంపి, ఓనరుకు మర్యాదగానే చెప్పింది. "అంకుల్, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 108 ఎఫ్ ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరు, చెప్పినా చేయించకపోతే కిరాయికున్నవాళ్ళు చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చు. అగ్రిమెంటులో వేరేలా రాసుకుంటే తప్ప."

"చట్టాలు మాట్లాడేటోళ్ళకు నా ఇల్లియ్య. కిరాయి మొత్తం కట్టి, నెలాఖరుకు ఖాళీ చెయ్యండి."

గొడవెందుకని మొత్తం కట్టి మచ్చబొల్లారం వెళ్ళిపోయారు. అడ్వాన్సులో రంగుల ఖర్చు కూడా ఆయన కోసుకున్నాడు.

ఏడాది తిరగకముందే ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"బాగున్నవా అమ్మా? మా బిడ్డ బెంగుళూరుల కిరాయికుంటుంది. చిన్న పిల్లగాడున్నడు. బాత్రూంల నల్లా ముట్టుకుంటే షాక్ కొడుతుందంట. ఓనరుకు చెప్తే చెప్పులేసుకొని స్నానం చెయ్యమన్నడంట. గట్లంటడా? వాడు మనిషేనా అమ్మా?"

ఆమె ఏమీ అనలేదు.

"అప్పుడు నువ్వొక సెక్షన్ చెప్పినవు చూడు, దాని నంబరెంత?"

"ముందు మెయిన్ ఆపమనండి అంకుల్. బాబును ఆ నల్లా దగ్గరికి పోనియ్యొద్దని చెప్పండి. ఓనరుకు రాతలో పెట్టమనండి, బిల్లులు దాచుకోమనండి. సెక్షన్ 108, ఎఫ్."