ఆన్ టైం

మా అల్లుడు పనిచేసే దేశం పేరు చెప్పను. చెబితే మళ్లీ వీసా అడగడానికి మొహం చెల్లదు. తిరుగు ప్రయాణంలో అతను మమ్మల్ని దింపిపోయిన ఎయిర్‌పోర్టు పేరు అసలే చెప్పను. బయట అంతర్జాతీయ విమానాశ్రయమని బోర్డు ఉంది. లోపల కుర్చీలు పద్దెనిమిది, మనుషులు నూటయాభై మందికి పైనే. ఫ్యాను ఒకటే. అది ఎవరి వైపు తిరిగితే ఆ కాసేపటికి వాళ్లది బిజినెస్ క్లాసు. మరుగుదొడ్డి తాళంచెవి టీ అమ్మే ఆమె దగ్గర ఉంటుంది. టీ కొంటేనే తాళంచెవి ఇస్తుంది. టీ తాగినాక మళ్లీ తాళంచెవి కావాలి. ఆ వ్యాపారం పెట్టిన బుర్రకు దండం పెట్టాలి.

విమానం నాలుగు గంటలు లేటు. ఆ మాట ఎవరూ చెప్పలేదు. తెర మీద మాత్రం 'ఆన్ టైం' అని పచ్చగా వెలుగుతూనే ఉంది. ఎర్రగా కందిపోయిన తెల్లాయన ఒకడు కౌంటరు దగ్గర నిలబడి, ప్రయాణికుల హక్కుల గురించి ఖాళీ కుర్చీకి ఉపన్యాసమిస్తున్నాడు. ఆయన భార్యకు ఏడుపొక్కటే తక్కువ. మేం మాత్రం గోడవారగా దుప్పటి పరిచి బొరుగుల మూట విప్పాం.

"అచ్చం మన బస్టాండు మాదిరే ఉంది కదండీ" అంది మా ఇంటావిడ, పుట్టింటికి వచ్చినంత సంబరంగా.

ఏ బస్టాండని అడక్కండి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వైపు పుట్టి పెరిగిన వాళ్లకు ఏదో ఒకటి కళ్ల ముందు మెదులుతుంది. బోర్డు లేని బండి ఏ ఊరికి పోతుందో డ్రైవరు మొహం చూసి చెప్పేస్తాం. ప్లాట్‌ఫారం మారిన సంగతి జనం పరుగెత్తే దిక్కును బట్టి కనిపెడతాం. కిటికీలోంచి టవలు విసిరి సీటు పట్టుకుంటాం. దీన్నే బయటి దేశాల్లో వెబ్ చెకిన్ అంటారని మా అల్లుడు చెప్పాడు. పైసా ఫీజు లేకుండా ఇంత కోచింగు ఇంకెక్కడ దొరుకుతుంది?

దుప్పటి చేతిలో ఉండటానికి ఒక కారణముంది. పోయేటప్పుడు "పెట్టెకు 23 కిలోలు దాటకూడదు మామా" అని అల్లుడు పదిసార్లు ఫోన్ చేశాడు. ఆదోనిలో తూకానికి కరువా? పత్తి మార్కెట్‌తో బతికే ఊరు. తెలిసినాయన దుకాణంలో కాటా మీద పెట్టెలు పెడితే ఒక్కొక్కటి సరిగ్గా 23 చూపింది. ఎయిర్‌పోర్టులో 25. రైతు సరుకు తూచి తూచి అలవాటుపడిన కాటా కదా, నా పెట్టెకు కూడా రెండు కిలోల తరుగు తీసేసింది. పెట్టెకో రెండు కిలోలు తగ్గించడానికి ఎమ్మిగనూరు దుప్పటి, టవళ్లు బయటికొచ్చాయి. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ల కోసం సొసైటీ పెట్టిన ఊరి బట్ట అది, పారేసి పోతామా? దుప్పటి ఆవిడ కప్పుకుంది, టవళ్లు నేను తలకూ మెడకూ చుట్టుకున్నాను. ఇమిగ్రేషన్ వాళ్లు నన్ను చూసి ఏ దేశపు పీఠాధిపతి అనుకున్నారో, లేచి నిలబడినంత పని చేశారు. తిరిగి వచ్చేటప్పుడూ అవి మళ్లీ పెట్టెలోకి పోలేదు.

అన్నట్టు, మా జిల్లాకూ విమానాశ్రయం ఉంది. ఓర్వకల్లులో. 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2021 మార్చిలో ఇంకో ముఖ్యమంత్రి దాన్ని ప్రారంభించారు. ప్రయాణికుల విమానం మాత్రం రెండో ప్రారంభం దాకా ఆగి, మార్చి 28న మొదటిసారి దిగింది. 1847లో కుంఫిణీ వాళ్లు కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ఆ విమానాశ్రయానికి పెట్టారు. పేరు గొప్పదే. రన్‌వే రెండు కిలోమీటర్లు. పరదేశానికి పోయే విమానం అక్కడ ఉండదు. ఆదోని వాడు నూరు కిలోమీటర్లకు పైగా తూర్పుకు పోయి, అక్కడ విమానం దొరికితే ఎక్కి, దక్షిణాన ఉన్న బెంగళూరులో దిగి, మళ్లీ ఇంకో విమానం ఎక్కొచ్చు. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. అయినా తొందరెందుకు? బొంబాయి, మద్రాసు రైలు పట్టాలు రాయచూరులో కలిసింది 1871లో. ఆ దారిలోని ఆదోని అప్పటినుంచీ రైలు చూస్తోంది. ముప్పై కిలోమీటర్ల అవతలి ఎమ్మిగనూరు ఇంకా ఎదురుచూస్తోంది. అక్కడ తెర ఒకటి పెడితే 'ఆన్ టైం' అని రాసుకోవచ్చు.

మావైపు పెద్ద డిపార్చరు వేరే ఉంది. పంటలు ఎండిన ఏడాది ఊళ్లకు ఊళ్లే గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, బయల్దేరతాయి. బియ్యం మూట, చెంబు, తట్ట, బడి మానిపించిన పిల్ల, అంతా ఒకే టెంపోలో. 23 కిలోల లెక్క అక్కడ లేదు. మనుషుల లెక్క కూడా లేదు. వెనక ముసలమ్మ ఒకామె వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టుకుని, దుమ్ము అణిగేదాకా చూస్తుంది. ఆ టెంపోకు బీమా ఉందో లేదో నాకు తెలీదు గానీ, ప్రారంభోత్సవానికి మాత్రం ఎవరూ రారు.

ఇంతకీ ఆ తెల్లాయన. ఉపన్యాసం ముగించి, కాళ్లు పీకుతుంటే మా వైపు చూశాడు. మా ఇంటావిడ దుప్పటి మీద జరిగి, "రా నాయనా, కూర్చో" అంది తెలుగులోనే. కూర్చున్నాడు. చెనక్కాయల కారం కలిపిన బొరుగులు గుప్పెడు నోట్లో పోసుకుని, కళ్లెంట నీళ్లు కారుతుంటే ఇంకో గుప్పెడు అడిగాడు. విమానం ఎప్పుడొస్తుందని సైగ చేశాడు. నేను తెర చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంతలో మా ఇంటావిడ లేచి దుప్పటి దులపసాగింది. ప్రకటన ఏదీ రాలేదు. "జనం ఆ తలుపు కాడికి పోతున్నారు, పదండి" అంది. అందరికంటే ముందు మేమే. తెల్లాయన మా వెనకే.

విమానం దగ్గరికి నడుస్తూ అలవాటుగా మెడ మీది టవలు చేతిలోకి తీసుకున్నాను. కిటికీలు తెరుచుకోవు కదా అని గుర్తొచ్చి, మళ్లీ మెడలో వేసుకున్నాను.