కుందేటి కొమ్ములు

డల్లాస్‌లో ఉంటున్న మా మేనల్లుడికి ఎడారి మొక్కలంటే ప్రాణం. దక్షిణపు కిటికీ వారగా మూడు అరల బల్ల వేసి, పైన లైట్లు బిగించి, పదుల కుండీలు పెంచుతున్నాడు. వాటన్నిటిలోకీ ముద్దుబిడ్డ ఒక చిన్న మట్టికుండీలోది. దానికి ఆకులు కనిపించవు. బూడిద కలిసిన ఆకుపచ్చ కాడలు, చిటికెనవేలంత లావున, నాలుగు పలకలుగా లేచి కొసకు పోయేకొద్దీ సన్నబడతాయి. పూత కాలంలో ఆ కొసల్లో ముదురు ఊదా పూలు వేలాడతాయి. రేకుల అంచున నూగు. చిన్న గాలికే అది వణుకుతుంది. వాసన మనకు నచ్చదు, ఈగలకు నచ్చుతుంది. మొక్కకు కావలసింది ఈగలే, గింజ కట్టాలంటే అవి వాలాలి. ఆ తర్వాత జంట కాయలు కొమ్ముల్లా నిలబడతాయి. దాని పేరు కారలూమా ఎడసెండెన్స్. నలభై డాలర్లు పెట్టి ఒక సేకర్త దగ్గర ముక్క కొన్నాడు.

వాడి పెంపకం చూస్తే నాకు నిజంగా గౌరవం కలిగింది. ఇలాంటి మొక్కలు ఎండి చచ్చేది తక్కువ, కుళ్లి చచ్చేది ఎక్కువ. అందుకే నర్సరీ మట్టి దులిపేసి, నీరు నిలవని ప్యూమిస్ రాయి, గరుకు ఇసుక ఎక్కువగా కలిపి నాటాడు. ఎండాకాలంలో కూడా మట్టి అడుగుదాకా ఆరితేనే నీళ్లు. చలి మొదలైతే దాదాపు బంద్. కాడ మొదలు నల్లబడిందా, ఆలస్యం చెయ్యకుండా పైభాగాన్ని కోసి, కోత ఎండేదాకా నీడలో పడేసి, అప్పుడు పొడి గులకరాళ్ల మీద నిలబెడతాడు. వేళ్లకు పట్టే పిండినల్లి కోసం ఏడాదికోసారి కుండీ దించి చూస్తాడు. మండుటెండలో కూడా పెట్టడు. కొండల మీద ఈ మొక్క ముళ్లపొదల చాటున, బండల సందున పెరుగుతుంది, కాడలు ఎర్రబడుతుంటే ఎండ ఎక్కువైందని గుర్తు. ఇదంతా పుస్తకాల్లో చదివి కొంత, చూసి చూసి కొంత నేర్చుకున్నాడు.

పోయిన సంవత్సరం అమ్మను వెంటబెట్టుకుని నేను అక్కడికి వెళ్లాను. అమ్మది అనంతపురం జిల్లా, దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. 1952 నాటి రాయలసీమ కరువునూ, గంజి కేంద్రాల ముందు వరుసలనూ పిల్లగా చూసిన మనిషి. పళ్లెంలో మెతుకు మిగిలితే ఓర్చుకోలేదు. అటువంటిది మనవడి భోజనం చూసి బెంగపెట్టుకుంది. వాడు ప్రతి పూటా తినబోయే ముందు రెండు మాత్రలు మింగి, ఆ తర్వాత గుప్పెడు అన్నం కెలికి లేచిపోతాడు. జబ్బేమోనని నన్ను చాటుగా అడిగింది. ఏమీ లేదు, కాస్త బరువు పెరిగాడని వాడి బాధ అన్నాను. ఆమెకు నమ్మకం కుదరలేదు.

రెండో రోజు పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లు చిట్లించి చూసింది.

"ఏందబ్బీ, కుందేటి కొమ్ములను కుండీలో పెట్టినావు?"

వాడు తేరుకునేలోగా కొస తుంచి నోట్లో వేసుకుంది.

"అవ్వా! అది తినకూడదు, ఊసెయ్!"

"ఎందుకు తినగూడదు? మేకల ఎనక కొండకు పోతే తినేది ఇదే కదా. అదే పులుపు, అదే చేదు. తెల్లారి కోస్తే పులుపు జాస్తి, పొద్దు వాలినాక ఉండదు."

ఆ చివరి మాటకు మా వాడి మొహం వెలిగిపోయింది. ఇలాంటి ఎడారి మొక్కలు పగలు రంధ్రాలు మూసుకుని నీటిని కాపాడుకుంటాయి. రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లారేసరికి ఒళ్లంతా పులుపు, ఎండలో ఆ నిల్వ కరిగి ఆహారమవుతుంది. ఈ పులుపు సంగతి ఐరోపాకు చెప్పినవాడు కూడా మన తెలుగు నేల మీద పనిచేసినవాడే. సామర్లకోట ఉద్యానవనాన్ని చూసుకున్న బెంజమిన్ హేన్ రణపాల ఆకును పూట పూటా నమిలి చూసి, పొద్దున పుల్లగా ఉన్నది మధ్యాహ్నానికి చప్పబడుతోందని రాశాడు. లండన్ లినియన్ సొసైటీ దాన్ని 1815లో అచ్చువేసింది. మా అమ్మకు హేన్ తెలియదు, నాలుక తెలుసు.

వాడు వెంటనే కాగితం, కలం తెచ్చుకున్నాడు. పచ్చడి ఎలా చేసేవారో ఆమె చెబుతుంటే రాసుకున్నాడు. నాలుగు అంచులూ కత్తితో గీకెయ్యాలి. ముక్కలు కోసి నూనెలో మగ్గించాలి. పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరుకుంటే సంగటిలోకి బాగుంటుంది. ఇది చదివి ఇంట్లో కండపట్టిన మొక్క ఏది కనిపిస్తే అది తుంచి నోట్లో పెట్టుకోకండి. జెముడు జాతుల పాలు నోటినీ కళ్లనూ కాల్చేస్తాయి. కారలూమాను కోస్తే తెల్లపాలు రావు, కానీ అంతమాత్రం గుర్తు చాలదు. చిన్నప్పటి నుంచి కొండ తిరిగినవాళ్లు చూపిస్తేనే తినాలి.

ఆ రాత్రి వాడు మళ్లీ మాత్రల సీసా తీశాడు. అమ్మ ఇక ఆగలేకపోయింది.

"నిజం చెప్పు నాయనా, దేనికవి?"

"జబ్బు కాదవ్వా. ఇవి వేసుకుంటే ఆకలి చచ్చిపోతుంది. తిండి మీదికి మనసు పోదు, అంతే."

"ఆకలి చావను మందా! దేంతో చేస్తారంట?"

వాడికీ తెలియదు. జిమ్ స్నేహితుడు చెబితే కొన్నాడట. సీసా నాకందించాడు. వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్నదాన్ని కూడబలుక్కుని పైకి చదివాను. కారలూమా ఫింబ్రియాటా సారం.

వాడు లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కుండీలో గుచ్చిన పేరు చీటీని బయటికి లాగి మట్టి తుడిచాడు. కారలూమా ఎడసెండెన్స్ అన్న మాటల కింద, ఇన్నాళ్లూ మట్టిలో కూరుకుపోయిన మూడో మాట ఉంది. ఫింబ్రియాటా.

"అవ్వా, ఈ మాత్రలు నీ కుందేటి కొమ్ములతో చేసినవే."

అమ్మ ఆశ్చర్యపోలేదు. సీసాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టింది.

"గంజి దొరకని పూట మేమూ దానికే తినింది, అబ్బీ."