వడిసెల వాంగ్మూలం

నేను వడిసెలను. జనపనారతో పేనిన రెండు తాళ్ళు, మధ్యలో రాయి కూర్చునే అరచేతంత అల్లిక, ఒక కొసన వేలికి తగిలించుకునే ముడి. నా ఒళ్ళు ఇంతే. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసినవాళ్ళు నన్ను రోకలి, కారప్పొడి పక్కన ఆయుధాల వరసలో నిలబెట్టారు. గౌరవమే, కాదనను. కానీ ఆ గౌరవం చాటున ఒక సంగతి మరుగున పడింది. తుపాకులకు ఎదురు నిలవకముందు నేను పిల్లల చేతి వస్తువుని. యుద్ధం వస్తే ఆటలు పోతాయంటారు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ దిక్కున బీదల పిల్లలకు పోగొట్టుకోవడానికి విడిగా ఆట అంటూ ఎంతుందని? వాళ్ళ ఆట పనిలోంచే పుట్టేది. ఆ పనిముట్టే చివరికి ఆయుధమైంది.

జొన్నకంకి పాలు పోసుకుందంటే పిట్టలు వాలుతాయి. వాటిని తోలేది మంచె మీది పిల్లలే. ముడిని వేలికి తొడిగి, రెండో కొసను వేళ్ళ సందున నొక్కిపట్టి, తలచుట్టూ తిప్పి సరైన క్షణాన వదలాలి. కాస్త ముందు వదిలినా, ఆలస్యమైనా గులకరాయి ఎటో పోతుంది. ఆ ఒడుపు ఒక్కరోజులో రాదు. అవతలి తుమ్మచెట్టుకు ఎవరి రాయి తగులుతుందో చూద్దామని పందెం వేసుకుంటే తప్ప పొద్దు గడవని పని అది. లండన్ పిల్లలు రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల తునకలు ఏరి దాచుకున్నారు. అక్కడ యుద్ధం ఆటవస్తువునిచ్చింది. ఇక్కడ చేను యుద్ధానికి వస్తువునిచ్చింది. 1946 చివర్లో బాలెంల, పాతసూర్యాపేట, మల్లారెడ్డిగూడెం జనం నిజాం సాయుధ బలగాల మీద వడిసెలలు తిప్పారు. ఆ మణికట్లకు తర్ఫీదు ఏ దళమూ ఇవ్వలేదు, జొన్నచేలే ఇచ్చాయి.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళున్నారు. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం భూస్వాముల ఇంటి బిడ్డ, చేనుకాపు అవసరం లేని పిల్ల, అయినా చిన్నవయసులోనే పోరాటంలోకి రాలేదా అంటారు. వచ్చింది. అయితే ఆమె ఎంచుకుని వచ్చింది. జీతానికుండే పిల్లవాడికి ఎంచుకోవడమనే మాటే తెలియదు. వెట్టిచాకిరీ వాణ్ణి ఎప్పుడో పెద్దవాణ్ణి చేసేసింది. మరి గోలీలు, చిర్రగోనె, కచ్చకాయలు లేవా? ఉన్నాయి. పైసా ఖర్చులేనివి కాబట్టే ఉన్నాయి. కానీ వాటికి తీరిక కావాలి, నాకు అక్కర్లేదు. ఇక పసిచేతుల్లో ఆయుధాన్ని పొగుడుతున్నానన్న నింద ఒకటి. పొగడను. నిజాం కొమ్ముకాసిన రజాకార్ల తుపాకీ ముందు రాయి ఎంతసేపు? 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చాక ఆ కాస్త లెక్కా పోయింది. నన్ను చూసి మురిసిపోయేవాళ్ళు నా దెబ్బ ఎంత దూరం పోతుందో చూస్తారు గానీ నన్ను తిప్పిన చెయ్యి ఎంతదో చూడరు.

ఇప్పుడు నేరేడుచర్ల చుట్టూ సాగర్ ఎడమకాల్వ నీళ్ళు, వరిమళ్ళు. ఆనాటి పిల్లలు ఇంకా మిగిలుంటే ఎనభై దాటి ఉంటారు. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే, ఎవరి మీద రాయి విసిరారని కాదు, నన్ను మొదట ఏ వయసులో పట్టుకున్నారో అడగండి.